ఓట్ల లెక్క ముగిసిన తరువాత

ఫిజీ దీవుల రాజకీయములను గూర్చి మన పత్రికలో వ్రాయవలసిన పనియేమని కొందరు చదువరులు అడుగవచ్చును. ఆ దీవులు మనకు దూరమే. కాని 1903వ సంవత్సరము మొదలుకొని మదరాసు రేవున ఓడలెక్కి, ఐదేండ్ల కూలి ఒడంబడికపై అచ్చటి చెరకు తోటలకు పోయిన దక్షిణాదివారిలో తెలుగువారు పెక్కుమంది కలరు. 'అగ్రిమెంటు' అను మాట కూలీల నోట 'గిరిమిట్' అయినది. ఆ పేరే వారి వంశములకు చరిత్రగా నిలిచినది. 1879 నుండి 1916 వరకు సుమారు 60 వేలమంది భారతీయులు ఆ దీవులను చేరగా, అందు నాలుగవ వంతు దక్షిణాదివారు. 1941లో అచ్చటి తెలుగువారు తమకు వేరుగా ఆంధ్ర సంగమును నెలకొల్పుకొనిరి. పరభాషల నడుమ తరతరములుగా కాపురముండి, తాతల భాషను బిడ్డలకు అందించుటకు తంటాలుపడు వారి కథ హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము వాసులకు క్రొత్తగా తోచదు.

అయినను నేడు మేము వ్రాయబూనినది వారి భాషను గూర్చి కాదు, వారి భయమును గూర్చి.

ఎన్నికలలో ఓడినవారికి బాధయు గెలిచినవారికి గర్వమును సహజములు. అవి నాలుగు దినములలో చల్లారును. కాని ఓట్ల లెక్క ముగిసిన మరునాడు ఇరుగుపొరుగువారు ఒకరి మొగమొకరు చూచుకొని, 'ఇతడెవరికి ఓటు వేసెనో' యని కాక, 'ఇతని జాతి ఎవరికి ఓటు వేసినదో' యని తలంచు దశ వచ్చెనా, అచ్చట భయము కాలు పెట్టినట్లే. ఫిజీలో ఆ దశ తనంత తాను వచ్చినది కాదు. ఓటర్ల పట్టీలోనే దానిని వ్రాసిపెట్టిరి.

ఆ దేశము 1970 అక్టోబరు 10వ తేదీన స్వతంత్రమైనది. ప్రతినిధుల సభలో 52 స్థానములు: ఫిజీయనులకు 22, భారతీయులకు 22, తక్కినవారికి 8. వీనిలో 27 స్థానములకు ఆయా జాతివారే ఓటు వేయవలెను. మిగిలిన 25 స్థానములకు అందరును వేయవచ్చును గాని, అందును అభ్యర్థి ఏ జాతివాడై యుండవలెనో ముందుగనే నిర్ణయమై యున్నది. ఒక్కొక్క ఓటరు నాలుగేసి ఓట్లు వేయవలెను. ఎన్నిక జరిగిన ప్రతిసారియు దేశమున జాతుల జనాభా లెక్క మరల తీసినట్లుండెడిది. తెల్లదొరల కాలమునుండి వచ్చిన ఈ ఏర్పాటును భారతీయ నాయకులు మొదటనే నిరసించిరి. 1929లో విష్ణుదేవ్ శాసనసభలో ఉమ్మడి పట్టీ కావలెనని తీర్మానము తెచ్చి, అది వీగిపోగా, తోడి భారతీయ సభ్యులతో సభను విడిచి వచ్చెను. ఆనాడే ఆ మాట చెల్లియుండినచో తరువాతి చరిత్ర వేరుగా నడచెడిదేమో.

1987 ఏప్రిలు ఎన్నికలలో, స్వాతంత్ర్యము వచ్చిన నాటినుండి అధికారమున నున్న రాతు మారా పక్షము ఓడినది. లేబరు పక్షమును, నేషనల్ ఫెడరేషన్ పక్షమును కలిసి 28 స్థానములు గెలిచినవి. ప్రధానియైన డాక్టరు తిమోతి బవాద్ర భారతీయుడు కాడు, ఫిజీయనుడే. పట్టణములలోని ఫిజీయనులు కొందరు ఈ కూటమివైపు మొగ్గనిచో ఆ గెలుపు రాదు. అనగా రెండు జాతుల ఓట్లు కలిసి తెచ్చిన ప్రభుత్వమది. అయినను మరునాటి నుండియే దానికి 'భారతీయుల ప్రభుత్వము' అను పేరు పెట్టిరి. 'మన భూములు పోవును' అను కేక లేచినది. తౌకేయి ఉద్యమమను పేర ఏప్రిలు 24న సూవా నగరమున పెద్ద ఊరేగింపు జరిగినది.

భూములు పోవునా? ఈ ప్రశ్నకు కాగితముపై జవాబు కలదు. దేశమందలి భూమిలో నూటికి 83 పాళ్లు ఫిజీయను కుటుంబముల ఉమ్మడి ఆస్తి. దానిని ఎవ్వరికిని అమ్మరాదు. భారతీయ రైతులు కౌలుదారులు మాత్రమే. ఆ భూచట్టములను మార్చవలెనన్న, పై సభలో ఫిజీయను దొరల మహాసభ నియమించిన 8 మంది సభ్యులలో 6 గురు సమ్మతింపవలెనని రాజ్యాంగమే కట్టడి చేసినది. బవాద్ర మంత్రివర్గము సెంటు భూమిని కూడ కదలింపజాలదు. కేక వేసిన నాయకులు ఈ నిబంధన నెరుగనివారు కారు. వినినవారిలో ఎందరెరుగుదురు?

ఇచ్చట ఫిజీయనుల పక్షమున ఒక మాట చెప్పనిచో న్యాయము కాదు. వారి భయము వట్టి బుకాయింపు కాదు. 1875లో వచ్చిన తట్టు వ్యాధి వారిలో నలుగురికొకరిని, అంతకుమించి కూడ, బలిగొన్నది. ఆపై పరదేశపు కంపెనీ చెరకు కొరకు దొరలు వేలకొలది కూలీలను తెచ్చి దించిరి; దీవుల వారిని అడిగి తెచ్చినది లేదు. 1946 జనాభా లెక్కలనాటికి వారు తమ గడ్డపై తామే తక్కువ సంఖ్యవారైరి. ఈ స్మృతి గల జనులు భయపడుట తప్పని మేమనము. ఆ భయమును ఓడిన పెద్దలు తమ పెట్టుబడిగా చేసికొనుటయే తప్పు.

మే 14వ తేదీ ఉదయము ముసుగులు ధరించిన సైనికులు పార్లమెంటులో ప్రవేశించి ప్రధానిని, మంత్రులను పట్టుకొనిపోయిరి. నడిపినవాడు లెఫ్టినెంటు కర్నలు సితివేని రబూకా. మొదటి కూలీలను తెచ్చిన లియొనిదాస్ ఓడ ఫిజీ చేరినది 1879లో సరిగా ఆ తేదీననే. నూట ఎనిమిదేండ్ల కాపురము తరువాత భారతీయులకు తాము అతిథులమా, పౌరులమా అను సందేహము ఒక్క పూటలో కలిగినది. సెప్టెంబరులో రెండవ తిరుగుబాటు జరిగెను. ఆదివారమున అంగళ్లు, పనులు, ఆటలు మూయవలెనని క్రైస్తవేతరులకు కూడ వర్తించు శాసనము వచ్చెను. 1990 రాజ్యాంగమున 70 స్థానములలో భారతీయులకు 27 మాత్రమే మిగిలినవి; ప్రధాని పదవి వారికి మూతబడినది.

అంత వారు చేయగలిగినది చేసిరి. వెళ్లిపోయిరి. వైద్యులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఆస్ట్రేలియాకు, న్యూజీలాండుకు, కెనడాకు దారిపట్టిరి. 1986 లెక్కలలో నూటికి 48 మందికి పైగా నున్న భారతీయులు 2007 నాటికి 38 మంది కూడ లేరు. పోగలిగినవారు చదువుకొన్నవారు, కౌలు చెరకు రైతు ఎచ్చటికి పోగలడు? భయము ఎల్లప్పుడును పేదవానిని వెనుక విడిచి పోవును.

1997లో చక్కని ప్రయత్నమొకటి జరిగినది. అప్పటికి ప్రధానియైయున్న రబూకాయు, ప్రతిపక్ష నాయకుడు జైరాం రెడ్డియు కూర్చుండి మాటలాడుకొని క్రొత్త రాజ్యాంగమును తెచ్చిరి. ప్రధాని పదవి అందరికిని తెరచిరి. కాని 71 స్థానములలో 46 జాతుల పట్టీలకే విడిచిరి. పాము తల నొక్కి తోక విడిచినట్లు కాక, తోక నొక్కి తల విడిచినట్లయినది. 1999 ఎన్నికలలో ఆ సంధి చేసిన ఇరువురును ఓడిరి. జైరాం రెడ్డి పక్షమునకు ఒక్క స్థానమును దక్కలేదు. మహేంద్ర చౌదరి ప్రధానియైన తొలి భారతీయుడు. సరిగా ఏడాదికి, 2000 మే 19న, జార్జి స్పైట్ అనువాడు తుపాకులవారితో పార్లమెంటులో చొరబడి ప్రధానిని 56 దినములు బందీగా నుంచెను. ఆనాడే సూవాలో అంగళ్లు దోచి తగులబెట్టిరి. మువనివేని ప్రాంతమున భారతీయ రైతుల ఇండ్లపై పడి, పశువులను, పంటలను దోచుకొనగా, ఆ కుటుంబములు దీవి ఆవలి ప్రక్కనున్న లౌటోకాలో శరణార్థి శిబిరమునకు చేరిరి.

ఆ శిబిరమున చేరినవారిలో చంద్రికా ప్రసాద్ అను రైతు ఒకడు. అతడు చేసిన పని మా దృష్టిలో ఆ దేశపు నాయకులందరు చేసినదానికంటె మిన్న. ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న ఆ మనుష్యుడు న్యాయస్థానమునకు పోయి, 1997 రాజ్యాంగము చెల్లునా చెల్లదా తేల్చుడని అడిగెను. 2000 నవంబరులో హైకోర్టును, 2001 మార్చి 1వ తేదీన అప్పీలు కోర్టును, ఆ రాజ్యాంగము చావలేదని తీర్పు చెప్పినవి. తుపాకితో కూర్చున్న ప్రభుత్వము చట్టవిరుద్ధమని ఒక రైతు అర్జీపై కోర్టు పలుకుట లోకమున అరుదు. ఆ తీర్పువలన పాత ప్రభుత్వము మరల గద్దెనెక్కలేదు, నిజమే. అయినను ఎన్నిక తప్పనిసరియైనది.

జాతుల పట్టీలు తుదకు 2013 రాజ్యాంగముతో పోయినవి. దేశమంతయు ఒకే నియోజకవర్గము, ఒకే పట్టీ. పౌరులందరికిని ఫిజీయను అనునదే పేరు. ఈ మంచి పని 2006లో తుపాకితో వచ్చిన బైనిమరామ ప్రభుత్వము చేతి మీదుగా జరుగుట విచారకరము. 1929లో విష్ణుదేవ్ సభలో అడిగినది సైనికుని ఆజ్ఞగా వచ్చినప్పుడు దానికి వేరులు లోతుగా దిగవు.

దాని పరీక్ష 2022 డిసెంబరులో జరిగెను. 55 స్థానములలో బైనిమరామ పక్షమునకు 26, రబూకా పక్షమునకు 21, నేషనల్ ఫెడరేషన్ పక్షమునకు 5, సోడెల్పాకు 3. ముగ్గురు సభ్యుల చిన్న పక్షము త్రాసులో ముల్లైనది. అది రబూకావైపు మొగ్గగనే, 22వ తేదీన, అల్పసంఖ్యాకులపై బెదిరింపులు వచ్చుచున్నవనియు, వారు భయపడుచున్నారనియు చెప్పి, పోలీసులకు తోడుగా సైన్యమును పిలిచితిమని అధికారులు ప్రకటించిరి. 1987 చూచిన ముదుసలులకు ఆ రాత్రి నిదుర పట్టియుండునా? ఎచ్చట ఎవరిపై ఏమి జరిగినదో చూపుడని ప్రతిపక్షములు నిలదీసినవి. ఓడుచున్నవారే జాతుల నిప్పు రాజేయుచున్నారని రబూకా అనెను. తిరుగుబాటు పితామహుడే ఆ మాట అనుట విధి విలాసము. 24వ తేదీన పార్లమెంటు 28 ఓట్లకు 27తో అతనిని ప్రధానిగా ఎన్నుకొన్నది. భారతీయుల పాత పక్షమైన నేషనల్ ఫెడరేషన్ అతని ప్రక్కనే కూర్చున్నది. వీధులలో సైన్యమునకు పని కలుగలేదు.

రెండు సందర్భములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1987లో అధిక బలము గలవారిని భయపెట్టిరి. 2022లో అల్పసంఖ్యాకుల భయమును పేర్కొనిరి. మొదటిసారి ప్రజలు కేకను నమ్మిరి; రెండవసారి నిదర్శన మడిగిరి. నడుమ జరిగిన మార్పు ఇదియే. ఓటర్ల పట్టీ ఒకటి కాగా, భారతీయ ఓట్లు ఒకే మూటగా లేక రెండు వైపుల చీలియుండగా, 'వారు గెలిచిరి, మనమోడితిమి' అనుటకు వీలు తగ్గినది. 2023 మే 14న, గిరిమిట్ దినమున, రబూకా తన నాటి పనికి భారతీయ సంతతివారిని బహిరంగముగా క్షమాపణ కోరెను. మరుసటి ఏడు సెప్టెంబరులో స్పైట్‌కు క్షమాభిక్ష దొరకినది. మొదటి దానిని మెచ్చి రెండవ దానిని మ్రింగలేక అక్కడి వారు అడకత్తెరలో పోకచెక్కవలె నున్నారనిన ఆశ్చర్యము లేదు.

ఇక మన మాట. మాకు వచ్చు జాబులలో అప్పుడప్పుడు ఒక కోరిక కనబడును: భాషాల్పసంఖ్యాకులకు శాసనసభలలో వేరు స్థానములు, వేరు ఓటర్ల పట్టీ కావలెనని. తమ ఊరి తెలుగు పాఠశాల మూతబడుట చూచి కడుపు మండినవారు వ్రాయు మాటలవి. ఆ మంట మాకును కలదు. కాని ఆ మందును మేము ఒప్పుకొనము. మన రాజ్యాంగము 325వ అధికరణముచే ఒక్కొక్క నియోజకవర్గమునకు ఒకే పట్టీ యని శాసించినది. 1909 నుండి మత భేదమున వేరు పట్టీలు నడిపిన ఫలమును చూచినవారు వ్రాసిన వాక్యమది. తమిళుడో, కన్నడిగుడో, ఒరియా సోదరుడో పోటీ చేయుచు మన వీధికి వచ్చి తెలుగులో దండము పెట్టి ఓటడుగవలసి యున్నంత కాలము మన మాటకు విలువ కలదు. మన పేర్లు వేరు పట్టీకి ఎక్కినచో అతనికి మన వీధితో పనియేమి? ఎన్నికల ఫలితములు వచ్చిన రేయి మన ఇండ్ల సంఖ్య లెక్కించువారికి ఆ పట్టీ చాల ఉపకరించును. ఇరువదిమంది తెలుగువారు ఒకే గుర్తుకు వేయవలెనని కట్టుబాటు చేయు పెద్దలకు కూడ ఇదే మా జవాబు.

మనకు కావలసినవి వేరు. ప్రాథమిక విద్య మాతృభాషలో జరుపుటకు 350-ఎ, భాషాల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారిని నియమించుటకు 350-బి, ఈ రెండును 1956లో చేర్చబడినవి. వానిని వాడుకొనుటలో మన సోమరితనము తక్కువది కాదు. ప్రభుత్వమునకు అర్జీ పెట్టవలెనన్న ఎచ్చట ఎన్ని ఖాళీలున్నవో తెలియవలెను గదా. తమ ఊరి పాఠశాలలో తెలుగు చదువు పిల్లలెందరు, ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసి ఎంతకాలమైనది, ఆ స్థానమున ఎవరినైన నియమించిరా, పాఠ్యపుస్తకములు ఏ నెలలో అందినవి, ఈ వివరములను ప్రతి శాఖ కార్యదర్శియు ఒక కాగితముపై వ్రాసి మాకు పంపవలెను. వచ్చినవానిని వచ్చినట్లే, ఊరి పేరుతో సహా, ఈ పత్రికలో వరుసగా ప్రకటింతుము.