కొండనెక్కే పళ్ళచక్రం

పిల్లలూ! మీలో చాలామందికి సైకిలు తొక్కడం వచ్చు. ఊరి చివర వంతెన మీదికి ఎక్కవలసి వచ్చినప్పుడు ఏం చేస్తారు? సీటుమీదనుంచి లేచి, పెడళ్ళ మీద నిలబడి, రొప్పుతూ రోజుతూ తొక్కుతారు. వంతెన మరికాస్త ఎత్తయితే, దిగి సైకిలు నడిపించుకుపోతారు. అవునా? అటువంటి వంతెనలు మూడు వందలు ఒకదానిమీద ఒకటి పేర్చితే ఎంత ఎత్తవుతుందో, అంత ఎత్తు కొండను సైకిలు దిగకుండా ఎక్కేవాళ్ళున్నారు. వాళ్ళలో కుర్రవాళ్ళే కాదు, జుట్టు నెరిసినవాళ్ళూ ఉన్నారు. ఇది ఎలా సాధ్యమో ఈ నెల చూద్దాం.

ఫ్రాన్సు దేశానికి దక్షిణాన ప్రోవెన్సు అనే సీమ ఉన్నది. ఆ సీమలో వెంటూ అనే కొండ ఒంటరిగా నిలబడి, ఎంతో దూరానికి కనిపిస్తూ ఉంటుంది. దాని ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1910 మీటర్లు. కొండ అడుగున బెద్వాన్ అనే చిన్న ఊరున్నది. అక్కడినుంచి శిఖరానికి రోడ్డున్నది. పొడవు 21 కిలోమీటర్లు.

ఊరు దాటగానే దారికి రెండు పక్కలా ద్రాక్షతోటలు. మనవైపు ద్రాక్షతీగలను పందిళ్ళమీదికి పాకిస్తారు. అక్కడ పందిళ్ళుండవు. మొక్కలను నడుమెత్తున కత్తిరించి, బారులు తీర్చి పెంచుతారు. సెప్టెంబరు వచ్చేసరికి గుత్తులు నల్లగా పండి, కోతలు మొదలవుతాయి. మధ్య మధ్య చెర్రీ తోటలు కూడా కనిపిస్తాయి. ఉత్తరాన్నుంచి మిస్ట్రల్ అనే చలిగాలి విసిరి కొడుతుంది గనక, రైతులు పొలాల గట్లమీద సైప్రస్ చెట్లను గోడలాగా నాటుకుంటారు. ఇక్కడ రోడ్డు మెల్లగా ఎక్కుతుంది. సైకిలువాడు కబుర్లు చెప్పుకుంటూ తొక్కవచ్చు.

అయిదారు కిలోమీటర్లు పోయాక ఒక పెద్ద మలుపు వస్తుంది. అంతటితో ద్రాక్షతోటలు అయిపోతాయి; అడవి మొదలవుతుంది. అక్కడినుంచి రోడ్డు నిలువుగా లేస్తుంది. నూరు మీటర్లు ముందుకు పోతే తొమ్మిది, పది మీటర్లు పైకి ఎక్కవలసిందే. అడవి దాటితే ఇక చెట్టన్నది లేదు, నీడన్నది లేదు. కొండంతా తెల్లటి సున్నపురాయి గుట్టలు. దూరాన్నుంచి చూసినవాళ్ళు వేసవిలో కూడా మంచు పడిందనుకుంటారు. శిఖరానికి కాస్త దిగువనున్న కనుమ పేరు తుఫానుల కనుమ. ఆ పేరు ఎందుకు వచ్చిందో అక్కడ గాలికి నిలిచినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పలకా బలపం తీసుకోండి. బెద్వాన్ ఊరు సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి శిఖరందాకా ఎక్కవలసింది, లెక్కకు సులువుగా, 1600 మీటర్లనుకుందాం. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలు. అంటే 80 కిలోల బరువును 1600 మీటర్ల ఎత్తుకు మోయాలి. ఇది కొండకు మనం పడ్డ బాకీ. ఎవరు ఎక్కినా, ఎలా ఎక్కినా ఈ బాకీలో దమ్మిడీ తగ్గదు. కాని బాకీని ఏ విధంగా తీర్చాలో నిర్ణయించుకునే హక్కు మనకున్నది. అదే గేరు చేసే పని.

సైకిలు పెడలు దగ్గర ఒక పళ్ళచక్రం, వెనక చక్రం దగ్గర మరో పళ్ళచక్రం ఉంటాయి. రెంటినీ చెయిను కలుపుతుంది. ముందు చక్రానికి 48 పళ్ళు, వెనక దానికి 16 పళ్ళు ఉన్నవనుకోండి. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే, సైకిలు 6.3 మీటర్లు ముందుకు పోతుంది. చదును నేలమీద ఇది బాగానే ఉంటుంది. వెంటూ కొండమీద 6.3 మీటర్లు పోవటమంటే సుమారు 48 సెంటీమీటర్లు పైకి ఎక్కటం. మోకాలెత్తు బల్లమీదికి మాటిమాటికీ ఎక్కినట్టే!

ఇప్పుడు ముందు 34 పళ్ళు, వెనక కూడా 34 పళ్ళు ఉన్న చక్రాలను తీసుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. సైకిలు 2.1 మీటర్లు పోతుంది. 16 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. మీ ఇంటి మెట్టు ఎత్తు కొలిచి చూడండి, ఇంచుమించు అంతే ఉంటుంది.

మొదటి సైకిలుతో శిఖరం చేరటానికి 3,333 చుట్లు తొక్కితే చాలు. రెండోదానితో 10,000 చుట్లు తొక్కాలి. 3,333 ని 48 సెంటీమీటర్లతో హెచ్చవేసినా, 10,000 ని 16 సెంటీమీటర్లతో హెచ్చవేసినా వచ్చేది ఒకటే, 1600 మీటర్లు. బాకీ మారలేదు, వాయిదాలు మాత్రం చిన్నవయినాయి.

మరి చిన్న వాయిదాల వల్ల లాభమేమిటి? లాభం కండరానిది. కండరానికి నెత్తురు ఎప్పటికప్పుడు ప్రాణవాయువును తెచ్చిపెడుతూ ఉంటుంది. తేలికగా, అదే పనిగా తొక్కుతున్నంతసేపూ వచ్చేదీ ఖర్చయేదీ సరిపోతాయి. కాలు గంటలకొద్దీ పనిచేస్తుంది. అదే బలమంతా పెట్టి నొక్కితే, నెత్తురు తెచ్చే ప్రాణవాయువు చాలదు. కొద్ది నిమిషాలలో కాలు మంటలెత్తి మొరాయిస్తుంది. చిన్న గేరులో నిమిషానికి 70 చుట్లు తొక్కినవాడు రెండు గంటల ఇరవై నిమిషాలకు వెంటూ శిఖరం చేరుకుంటాడు. మోకాలెత్తు బల్లలు ఎక్కినవాడు బహుశా అడవిలోనే ఒక చెట్టుకింద కూర్చుని ఉంటాడు.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. తిరుమల కొండకు నడకదారి మెట్లమీదుగా పోతుంది, మోటారుదారి వంకర్లు తిరుగుతూ పోతుంది. ఎక్కే ఎత్తు ఒకటే. దారి పొడవు పెంచి వాలు తగ్గించారు. ఘాటురోడ్డు నేలమీద చేసే పనినే గేరు సైకిలులో చేస్తుంది.

ఇంత మంచి ఉపాయాన్ని అందరూ వెంటనే ఒప్పుకున్నారా? లేదు. దీనిమీద ఫ్రాన్సులో చాలా ఏళ్ళు పెద్ద తగువు నడిచింది.

ఒక పక్షాన పాల్ ద వీవీ అనే ఆయన ఉన్నాడు. ఆయన 1853 లో పుట్టాడు. సెంట్ ఎతియేన్ అనే పట్నంలో ఉంటూ 1887 లో సైకిళ్ళ గురించి ఒక పత్రిక పెట్టి, వెలోసియో అనే కలం పేరుతో రాసేవాడు. ఆ పట్నం పక్కనే 1161 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉన్నది. ఆయన రకరకాల గేర్లు తయారుచేయించి ఆ కనుమమీద పరీక్షించి చూసేవాడు. ఈస్టరు పండుగకు మిత్రులను వెంటబెట్టుకుని, రోన్ నది లోయలో ద్రాక్షతోటల నడుమగా ప్రోవెన్సుకు సైకిలుమీద పోయేవాడు. కొండ ఎక్కడానికి వస్తాదు కానక్కరలేదని ఆయన వాదన.

రెండో పక్షాన ఆన్రీ దెగ్రాంజ్ ఉన్నాడు. ఇతను 1903 లో టూర్ ద ఫ్రాన్స్ అనే గొప్ప సైకిలు పందెం ప్రారంభించాడు. తనూ మంచి పందెగాడే. 1893 లో ఒక గంటలో 35 కిలోమీటర్లకు పైగా తొక్కి పేరు తెచ్చుకున్నాడు. పందెంలో గెలవవలసింది మనిషి కండబలం. యంత్రం కిటుకు కాదని ఇతని పట్టుదల. 1902 లో తూర్మలే కనుమమీద సైకిళ్ళకు ఒక పరీక్ష జరిగింది. అందులో మార్త్ హెస్ అనే స్త్రీ మూడు గేర్ల సైకిలుమీద పాల్గొని, గేర్ల మహిమ చూపించింది. అయినా దెగ్రాంజ్ మనసు మారలేదు. గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళకే కావాలని కొట్టిపారేశాడు.

1910 లో అతను తన పందెగాళ్ళను అదే తూర్మలే కనుమ ఎక్కించాడు. దాని ఎత్తు 2115 మీటర్లు. గేర్లు లేవు. ఆనాడు అందరికన్న ముందు ఆ కనుమ చేరినవాడు ఆక్తావ్ లపీజ్. అతనంతటివాడు కూడా సైకిలు దిగి తోసుకుంటూ ఎక్కాడు. ఆ రోజే మరో కనుమమీద పందెం అధికారులు కనిపించగా, మీరు హంతకులని వాళ్ళమీద కేకలు వేశాడు. చివరకు ఆ ఏటి పందెం గెలిచినవాడు అతనే!

ఆ రోజుల్లో పందెపు సైకిలు వెనక చక్రానికి రెండు పక్కలా రెండు పళ్ళచక్రాలుండేవి. కొండ రాగానే పందెగాడు దిగి, మరలు వదులుచేసి, చక్రాన్ని ఊడదీసి, తిరగవేసి బిగించుకోవాలి. కొండ దిగేముందు మళ్ళీ అదే తంతు. తొక్కుతూనే గేరు మార్చుకునే సాధనానికి ఆ పందెంలో అనుమతి 1937 లో గాని రాలేదు. దాన్ని వాడి రోజె లపేబీ అనే ఫ్రెంచివాడు ఆ ఏడు నెగ్గాడు. వెలోసియో ఇది చూడలేదు. ఆయన 1930 లోనే సైకిలు నడిపించుకుపోతూ ట్రాముబండి తగిలి చనిపోయాడు.

గేర్లు వచ్చాయి గనక ఇక కొండకు భయపడనక్కరలేదు అనుకుంటున్నారా? ఒక విషాదం చెప్పక తప్పదు. 1967 జూలై 13 న టూర్ ద ఫ్రాన్స్ పందెం వెంటూ కొండమీదుగా పోయింది. ఎండ మండిపోతున్నది. ఇంగ్లండు దేశస్థుడు టామ్ సింప్సన్, 1965 లో ప్రపంచ విజేత అయినవాడు, శిఖరం మరి కొద్ది దూరంలో ఉండగా తెల్లరాళ్ళ మధ్య పడిపోయాడు, ప్రాణాలు దక్కలేదు. అప్పటికి అతనికి 29 ఏళ్ళు. అలసట తెలియకుండా చేసే మందు పుచ్చుకున్నాడని తరవాత తేలింది. అతని సైకిలుకు మంచి గేర్లే ఉన్నాయి. కాని అలసట అనేది దేహం మనకు చెప్పే మాట. మందువేసి ఆ నోరు మూయించితే, ఆపవలసిన చోట ఆగమని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. అతను పడిన చోటికి దగ్గరలో ఒక రాతి చిహ్నం ఉన్నది. ఈనాటికీ ఆ దారిన పోయే సైకిలువాళ్ళు అక్కడ ఆగి, తమ నీళ్ళసీసానో టోపీనో ఉంచి పోతారు.

సైకిలుమీద దూరాలు పోయేవాళ్ళకు వెలోసియో ఏడు నియమాలు పెట్టాడు. వాటిలో మూడు చెబుతాను. ఆకలి కాకముందే తినాలి, దాహం కాకముందే తాగాలి. తిండి సహించనంతగా, నిద్ర పట్టనంతగా అలసిపోరాదు. గొప్పకోసం ఎన్నడూ తొక్కరాదు. ఈ నియమాలు సైకిలు లేనివాళ్ళకు కూడా పనికివస్తాయి.

ఇక మీకు పని. సైకిలుకు స్టాండు వేసి, వెనక చక్రం నేలకు తగలకుండా చూడండి. టైరుమీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టండి. పెడలును చేత్తో మెల్లగా సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. గుర్తు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. తరవాత ముందు చక్రం పళ్ళు, వెనక చక్రం పళ్ళు లెక్కపెట్టి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ముందు 44, వెనక 18 ఉంటే రెండున్నరకు కాస్త తక్కువ వస్తుంది. రెండు లెక్కలూ కలిశాయా? చక్రం తిరుగుతుండగా మాత్రం చెయిను దగ్గర వేలు పెట్టకండి. పెద్దవాళ్ళు ఎవరైనా దగ్గర ఉంటే మంచిది.

ఈ నెల ప్రశ్న: ముందు 48 పళ్ళు, వెనక 24 పళ్ళు ఉన్న సైకిలుతో వెంటూ కొండ ఎక్కాలంటే పెడలు ఎన్ని చుట్లు తొక్కాలి? ఒక్కొక్క చుట్టుకు ఎన్ని సెంటీమీటర్లు పైకి లేస్తాం? జవాబు వచ్చే నెల. దానితోపాటు 1913 లో తూర్మలే కనుమ దిగుతూ సైకిలు విరిగి, దాన్ని భుజాన వేసుకుని నడిచి, ఒక పల్లెలోని కొలిమిలో తన చేతులతోనే బాగుచేసుకున్న పందెగాడి కథ కూడా చెబుతాను.