డబ్బా మీద అదే పేరు, లోపల వేరే చిప్

టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే వై-ఫై డాంగిల్ ఉంది. మొదటి వెర్షన్‌లో ఏథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. లైనక్స్ కెర్నల్‌లోని ఏథ్9కే_హెచ్‌టీసీ డ్రైవర్ దాన్ని చక్కగా నడుపుతుంది. రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్ పెట్టారు. దానికి డ్రైవరే వేరు. మోడల్ పేరు మాత్రం మారలేదు! "లైనక్స్‌లో పనిచేస్తుంది" అన్న పాత మాట నమ్మి కొన్నవాడి గతేమిటి? పాత లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించుకున్న హాస్టల్ కుర్రాడు, పొరపాటు తనదేమోనని రాత్రంతా టెర్మినల్ ముందు తల పట్టుకుంటాడు. వాడి తప్పేం లేదు. రాయాల్సినవాళ్లు రాయలేదు.

కంపెనీల మౌనం కొత్త కాదు. బ్రాడ్‌కామ్ తన వై-ఫై చిప్‌ల వివరాలు ఇవ్వని రోజుల్లో, కొందరు ఆ కంపెనీ డ్రైవర్‌నే విప్పి చూసి చిప్ నడిచే తీరు రాసిపెట్టారు. ఆ రాత చదివి వేరేవాళ్లు బీ43 డ్రైవర్ రాశారు. అంత చాకిరీ చేసి కూడా, ఏ చిప్ నడుస్తుందో ఏది నడవదో పట్టిక వేశారు. వాళ్లకు దొరికిన తీరిక మిగతావాళ్లకు ఎందుకు దొరకదు?

నా కోపం ఎక్కువగా లైనక్స్ డ్రైవర్లు రాసే మనవాళ్ల మీదే. కోడ్‌లో పరికరాల ఐడీల పట్టిక ఉంది, మాడ్‌ఇన్ఫో కమాండ్ కొడితే కనిపిస్తుంది, ఇంకేం కావాలంటారు. ఐడీ ఉన్నంత మాత్రాన పరికరం పనిచేస్తుందా? ఫర్మ్‌వేర్ ఫైల్ లేకపోతే కదలనివి ఉన్నాయి. లాప్‌టాప్ నిద్రలేచాక సిగ్నల్ పట్టనివి ఉన్నాయి. ఒక కెర్నల్‌లో బాగా నడిచి తర్వాతి దాంట్లో మొరాయించేవీ ఉన్నాయి. ఇవేవీ ఐడీ చెప్పదు. అసలు దుకాణంలో డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ ఐడీ ఎక్కడ కనిపిస్తుంది?

ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రైవర్ల మాన్యువల్ పేజీల్లో హార్డ్‌వేర్ అని ఒక భాగం ఉంటుంది. కొత్త విడుదలతో ఇచ్చే హార్డ్‌వేర్ జాబితాను వాటి నుంచే తయారు చేస్తారు. చేయాలన్న పట్టింపు ఉంటే దారి ఉంది. లైనక్స్‌లో మాత్రం కోడ్‌లో ఒక్క లైను మారితే నలుగురు చదువుతారు. ఏ పరికరం నడుస్తుందో చెప్పే పట్టికలో తప్పు దిద్ది పంపితే పలికే నాథుడుండడు.

మీ పరికరం పనిచేసినా, చేయకపోయినా రాసి పంపండి: ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చూపించే ఐడీ, డబ్బా మీది వెర్షన్, కెర్నల్ నంబరు, ఫర్మ్‌వేర్ ఫైల్ పేరు. డ్రైవర్ల బాధ్యత మోస్తున్నవాళ్లారా, అలా వచ్చిన వివరాన్ని మూలన పడేయకండి. సరిచూసి, తర్వాతి విడుదలలోపే పట్టికలో చేర్చండి.