వెనక్కి తిప్పి చూడండి

గవర్నర్‌పేట వెండి దుకాణాల్లో అప్పుడప్పుడు కనిపించే దృశ్యమే ఇది. అమ్మ పోయిన ఏడాదికి అక్కచెల్లెళ్లిద్దరూ పాత పెట్టె తెరుస్తారు. పెద్దామెకు కంచం, చెంబు. చిన్నామెకు నగిషీల పెద్ద పళ్లెం, పన్నీరు బుడ్డి. తూకం సరిసమానం, ఇద్దరికీ తృప్తే. కూతురి పెళ్లికని చిన్నామె పళ్లెం తీసుకెళితే, దుకాణదారు దాన్ని బోర్లించి, భూతద్దంతో చూసి ‘ఇది వెండి కాదమ్మా, పూత’ అంటాడు. ఆమె గుండె జారిపోతుంది. అక్క మోసం చేసిందా? అమ్మకు తెలియదా?

ఎవరూ మోసం చేయలేదు. పళ్లెం అడుగున ఉన్న నాలుగు అక్షరాలను ఎవరూ చదవలేదు, అంతే.

ఆ అక్షరాల కథ

వెండి కొనలేని మధ్యతరగతి కోసం ఇంగ్లండులో పుట్టిందే వెండిపూత సామాను. 1740లలో షెఫీల్డ్‌లో థామస్ బౌల్సోవర్ రాగిరేకు మీద వెండిరేకును వేడితో అతికించే పద్ధతి కనిపెట్టాడు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ సంస్థ విద్యుత్తుతో పూత వేసే విధానానికి పేటెంటు పొందింది. అప్పట్నుంచీ టీ సెట్లు, ట్రేలు, చెంచాలు లక్షల్లో తయారయ్యాయి. బ్రిటిష్ హయాంలో క్లబ్బులకు, దొరల బంగళాలకు, అక్కణ్నుంచి మన ఇళ్లకూ చేరాయి.

వాటి అడుగున ‘ఈపీఎన్‌ఎస్’ అని ఉంటే నికెల్ సిల్వర్ మీద విద్యుత్ పూత వేశారని అర్థం. ‘ఈపీబీఎం’ అంటే పూత కింద ఉన్నది బ్రిటానియా మెటల్. పక్కన ‘ఏ1’ అని ఉంటే పూత నాణ్యత గురించి తయారీదారు చెప్పుకున్న మాటే తప్ప వెండి స్వచ్ఛతకు గుర్తు కాదు. ఒక్కో అక్షరాన్నీ ఒక్కో డాలు బొమ్మలో వరసగా ముద్రించడంతో దూరం నుంచి అచ్చం హాల్‌మార్కులా కనిపిస్తాయి. తికమక అక్కడే!

అసలైన ఇంగ్లిషు వెండి మీద నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. లంగరు బొమ్మ ఉంటే అది బర్మింగ్‌హామ్‌లో పరీక్షించింది.

పూత కింద ఏముంది?

నికెల్ సిల్వర్‌నే మనం జర్మన్ సిల్వర్ అంటాం. పేరులో తప్ప అందులో వెండి లేదు. సుమారు 60 శాతం రాగి, మిగతాది నికెల్, జింకు. నోములకు, పేరంటాలకు పంచే పసుపు కుంకుమ గిన్నెలు చాలావరకు ఇవే. బ్రిటానియా మెటల్‌లో ఎక్కువ భాగం తగరం. మెత్తగా ఉంటుంది, తేలిగ్గా సొట్టపడుతుంది.

అరిగిన చోట రహస్యం బయటపడుతుంది. అడుగు అంచు, పిడి, చెంచా వెనక భాగం చూడండి. ఎరుపు కనిపిస్తే రాగి, పసుపు కనిపిస్తే ఇత్తడి, బూడిదరంగు ఛాయ అయితే జర్మన్ సిల్వర్ కావచ్చు. నల్లబడింది కాబట్టి వెండే అనుకోవద్దు, పూతా నల్లబడుతుంది. అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి వెండే అనుకోవడమూ పొరపాటే. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అంటుకోవు.

ఇంట్లోనే నీటి పరీక్ష

గిన్నె నిండా అంచు వరకు నీళ్లు పోసి, వస్తువును దారంతో కట్టి పూర్తిగా ముంచండి. ఒలికిన నీటిని కొలవండి. 525 గ్రాముల స్వచ్ఛమైన వెండి అయితే సుమారు 50 మిల్లీలీటర్లు ఒలుకుతుంది. జర్మన్ సిల్వర్ అయితే 60 వరకు ఉంటుంది. చిన్న వస్తువుల్లో తేడా తెలియదు. లోపల లక్క నింపినవాటికి ఈ లెక్క పనికిరాదు. ఆమ్ల పరీక్ష మాత్రం ఇంట్లో వద్దు, నిపుణులకే వదిలేయండి.

కొత్తగా కొనేటప్పుడు

మన దేశంలో వెండికి బీఐఎస్ హాల్‌మార్కింగ్ 2005లో మొదలైంది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య కూడా వచ్చింది. బంగారానికిలా తప్పనిసరి కాకుండా స్వచ్ఛంద పద్ధతిలో దీన్ని ప్రారంభించారు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. బిల్లులో వెండి అని, స్వచ్ఛత ఎంతని రాయించుకోవడం మరవద్దు.

పాత సామాను సేకరించాలనుకునేవారు పూత వస్తువులతో మొదలుపెట్టడమే మేలు. ధర తక్కువ, ముద్రలు చదవడం అలవాటవుతుంది. అయితే వెండి ధర పెట్టి కొనవద్దు, కరిగిస్తే చేతికొచ్చేది దాదాపు శూన్యం. పళ్లపొడితో గట్టిగా తోమితే పూత లేచిపోతుంది, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. పూత అరిగిన గిన్నెలో పులుసు, పెరుగు లాంటివి పెట్టకూడదు. పులుపు తగిలితే రాగి కరిగి ఆహారంలో కలుస్తుంది.

ఇక ఆ అక్కచెల్లెళ్ల మాట. పళ్లెం వెండి కాకపోయినా, పండక్కి అరిసెలు అందులో పెట్టి అందరికీ అందించిన అమ్మ చేయి నిజం. దాన్ని దాచుకోవచ్చు. తూకంలో తేడా వచ్చిన మేరకు కంచం, చెంబు లెక్క మళ్లీ చూసుకోవచ్చు. పంపకాలకు ముందే ఒక్కసారి బోర్లించి చూసుకుంటే ఆ అనుమానానికే చోటుండదు.