చార్మినార్ దగ్గరే ఆగిపోతే ఎట్లా?

హైదరాబాదు చరిత్రను నడిపించి చూపిస్తామని పొద్దున్నే జనాన్ని పోగేసేవాళ్లు ఎక్కువయ్యారు. మంచిదే. కానీ ఆ నడకల్లో చాలావరకు చార్మినార్ దగ్గర మొదలై చౌమహల్లా దగ్గర ఆగిపోతాయి. కట్టించిన పాదుషా పేరు చెబుతారు. రాళ్లు మోసినవాళ్ల ఊసెత్తరు. వాళ్లు రాకముందే ఆ వీధి ఊడ్చిపోయిన తల్లి ఎవరని అడగరు.

మేమడిగేది ఒకటే. మూసీ దాటి ఇంకో నాలుగడుగులు వేయరేం?

అక్కడ ఇసామియా బజార్ ఉంది. అంటరానోళ్లకు చదువెందుకన్న రోజుల్లో, 1910లో, భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి పెట్టిన చోటు. ఆ దగ్గర్లోనే చాదర్‌ఘాట్. ఆది హిందూ భవనం అక్కడిదే. 1906లో ఆయన పెట్టిన జగన్మిత్ర మండలి హరికథలతో వాడల్లోకి పోయింది. అక్షరం అందని జనానికి వీధే బడి, కథే పుస్తకం. అదీ మన వీధి కళ! 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని మనవాళ్లు 'ఆది హిందువులు'గా నమోదయ్యారంటే, అది వాడవాడా తిరిగిన ఆ కాళ్ల కష్టమే.

ఇప్పుడు ఖైరతాబాద్ పోదాం. రాజ్‌భవన్ పక్కనున్న ఎం.ఎస్. మక్తా గోడల మీద కొన్నేళ్ల కిందట చిత్రకారులు పెద్దపెద్ద బొమ్మలు వేశారు. బొమ్మలు బాగున్నాయి. బస్తీకి రంగొస్తే మాకేం కడుపుమంట లేదు. కానీ ఫొటోలు దిగేవాళ్లు గోడ చూసి పోతున్నారు. గోడ వెనక బతుకు చూడడం లేదు.

మనకు గోడ ముచ్చట కాదు, నోరు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత విద్యార్థులు అంబేద్కర్, ఫూలేల బొమ్మలతో ఆరుబయట వెలివాడ కట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ ముఖం తర్వాత దేశమంతా గోడలకెక్కింది. గీయమని ఏ సర్కారూ కాంట్రాక్టివ్వలేదు.

హుస్సేన్ సాగర్ పక్కన 2023 నుంచి 125 అడుగుల అంబేద్కర్ నిలబడి ఉన్నాడు. తలెత్తి చూద్దాం. కానీ తల దించి, మన కాళ్ల కింది నేలనూ చదువుదాం.

మే 22 భాగ్యరెడ్డి వర్మ పుట్టినరోజు. ఆ రోజు పిల్లల చేతులు పట్టుకుని ఇసామియా బజార్ నుంచి చాదర్‌ఘాట్ దాకా నడుద్దాం. దారిలో ముసలోళ్లని ఆపి అడుగుదాం. చెప్పింది చెప్పినట్టు రాసుకుందాం. గోడ మీది రంగు పదేళ్లకు వెలుస్తుంది. రాసుకోని చరిత్ర ఒక్క చావుతో పోతుంది.

మన తాతలు దొరల వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచారు. మనం చెప్పులేసుకునే నడుద్దాం.

జై భీమ్!