కందులు పండే ఊళ్లో పప్పు పలచన

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది మన యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. సున్నపురాయి మీద పరుచుకున్న ఈ నల్లరేగడిలో పండిన కందికి రుచి, వాసన వేరని దేశం ఒప్పుకున్నందుకు మనమంతా సంబరపడ్డాం. మరి ఆ కంది కరణ్‌కోటలో, చుట్టుపక్కల ఊళ్లలో ఎదుగుతున్న మన పిల్లల కంచంలోకి ఎంత వస్తున్నదో ఎప్పుడైనా లెక్క చూసుకున్నామా?

కర్ణాటక సరిహద్దున ఉన్న మన పల్లెల్లో తరతరాలుగా మాంసం ముట్టని ఇళ్లు చాలానే ఉన్నాయి. మిగతా ఇళ్లలోనూ కూర తెచ్చేది ఆదివారమో పండుగకో. వారంలో మిగిలిన ఆరు రోజులు అందరం శాకాహారులమే. అందుకే ఈ మాట ఒక కులానికో ఆచారానికో సంబంధించింది కాదు. మాంసం, గుడ్డు లేకపోతే పిల్లలు ఎదగరని కొందరంటారు. మా తాతలు జొన్న గట్క తిని బస్తాలు మోయలేదా అని ఇంకొందరంటారు. తాతలు తిన్నది ఒట్టి గట్క కాదు. దాంతో గట్టి పప్పు ఉండేది, బొబ్బర్లు ఉండేవి, చేన్లో తెంపిన ఆకుకూర, చల్ల ఉండేవి. ఇవాళ పిల్లలు తింటున్నది పాలిష్ బియ్యపు అన్నం, నీళ్లచారు. రెండింటినీ శాకాహారమనే అంటున్నాం.

పదమూడు పద్నాలుగేళ్ల వయసులో పిల్లలు చూస్తుండగానే పొడుగవుతారు. ఎముక, కండ, రక్తం అన్నీ ఒక్కసారే పెరగాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల మగపిల్లాడికి రోజుకు 45 గ్రాములు, ఆడపిల్లకు 43 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పదహారు దాటిన మగపిల్లాడికి 55. వంద గ్రాముల కందిపప్పులో ఇవి దాదాపు 22 గ్రాములు, జొన్నల్లో 10, బియ్యంలో 8 దాకా ఉంటాయి. రోజంతటికీ 200 గ్రాముల బియ్యం, 100 గ్రాముల జొన్నపిండి, 60 గ్రాముల పప్పు, పావు లీటరు పాలో పెరుగో పెట్టి చూడండి. 47 గ్రాముల దాకా వస్తుంది. పైగా గింజ ధాన్యంలో తక్కువయ్యే సరుకును పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువయ్యేది రొట్టె పూరిస్తుంది. మాంసం లేకుండానే పిల్లలు చక్కగా ఎదుగుతారు. అయితే ఈ లెక్కలోంచి పప్పును, పాలను తీసేస్తే మిగిలేది 26. సగానికి కాస్త ఎక్కువ, అంతే.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టంగా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తోటకూర, గోంగూర, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన నిమ్మకాయో జామపండో ఉండాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము చాలావరకు పట్టదు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు మాత్రను పిల్లలు పారేయకుండా చూడటం కూడా మన పనే. ఇక బి12 అనే విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదు. మాంసం, గుడ్డు తినని పిల్లలకు అది పాలు, పెరుగుల నుంచే రావాలి. మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? రెండు పూటలా పాలు కేంద్రానికి పోతున్నాయి, పిల్లల గ్లాసులోకి చాయ్ వస్తున్నది.

తల్లులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కంది కోసేసరికి అప్పు ఇచ్చినవాడు కల్లం దగ్గరే నిలబడతాడు. 2025–26కు మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలని ప్రకటించారు. కానీ 2021 మే నుంచి కేంద్రం దిగుమతులకు తలుపులు బార్లా తెరిచింది. మొజాంబిక్, మయన్మార్ కందులు రేవుల్లో దిగుతుంటే మన ధర ఎక్కడ నిలబడుతుంది? ధర పడ్డకొద్దీ అప్పు తీర్చడానికి ఇంకో బస్తా ఎక్కువ అమ్మాలి. చివరికి గింజ మిగలదు. ఆ కందే పప్పయి కిరాణా కొట్లో కనబడితే పావుకిలో కొనడానికి చేయి వెనకాడుతుంది. పత్తి వచ్చి జొన్నను, బొబ్బర్లను చేన్లోంచి వెళ్లగొట్టిన సంగతి వేరే చెప్పాలా?

ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 50 గ్రాముల చొప్పున ఏడాదికి కావలసిన పప్పు 91 కిలోలు. దానికి కందులు క్వింటాలుంబావు చాలు. మద్దతు ధరతో చూసినా పదివేల రూపాయల సరుకు. అప్పులవాడి లెక్క తేలకముందే ఆ క్వింటాలుంబావు ఇంట్లోకి చేరాలి. ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి, విసిరి పప్పు చేసుకునే పని మన ఆడవాళ్లకు కొత్త కాదు. ఇసుర్రాళ్లు మూలన పడ్డ ఊళ్లలో మహిళా సంఘాలకు చిన్న పప్పు మిల్లు ఇస్తే చాలు.

ప్రభుత్వం చేయవలసింది దీనికంటే పెద్దది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా మధ్యాహ్న భోజనంలో ఒక్కో బిడ్డకు 30 గ్రాముల పప్పు ఉండాలన్నది నిబంధన. గరిటె ముంచితే ఆ పప్పు తగులుతున్నదో లేదో తల్లిదండ్రులు వెళ్లి చూడాలి. గుడ్డు తినే పిల్లలకు గుడ్డు తప్పక ఇవ్వాలి, దాన్ని ఎవరి ఆచారం పేరు మీదా ఆపకూడదు. తినని పిల్లలకు అరటిపండు చేతిలో పెట్టి సరిపెట్టడం మాత్రం న్యాయం కాదు. గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటే అరటిపండులో ఉండేది ఒక్క గ్రాము. దాని బదులు ఉడికించిన శనగలో, పల్లీ చిక్కీనో ఇవ్వొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి తాండూరు వచ్చే మన ఇంటర్ పిల్లలకు ఆకలి తక్కువా?

2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం ఇచ్చారు, మంచిదే. కానీ బియ్యం ఒక్కటే ఎముకను పెంచదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ కింద ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కిలో కందిపప్పు ఉండేది. అది మళ్లీ రావాలి. ఆ పప్పును టెండరు పిలిచి ఎక్కడినుంచో తేవద్దు. వికారాబాద్ జిల్లా బడులకు, హాస్టళ్లకు, రేషన్ దుకాణాలకు కావలసిన కందిని తాండూరు మార్కెట్లోనే మద్దతు ధరకు మన దగ్గర కొనాలి. జనవరిలో కొత్త కంది యార్డుకు చేరకముందే కొనుగోలు కేంద్రాలు తెరవాలని ఊరూరా సంతకాలు సేకరించి కలెక్టరుకు ఇద్దాం. ఆ కాగితం మీద రైతుతో పాటు ఇంట్లో వంట చేసే మనిషి సంతకం కూడా పెట్టించండి.