చీటీ మనమూ రాద్దాం!

ఎండలు మొదలయ్యాయంటే వడియాల హడావిడితో పాటు మన ఊళ్లలో ఇంకో సందడి కూడా మొదలవుతుంది. అదేనండీ, శ్రీరామనవమి పందిట్లో పాత పాటల ఆర్కెస్ట్రా! టిక్కెట్టు లేదు, పిలుపు అక్కర్లేదు. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. కానీ మనలో ఎంతమందిమి వెళ్తున్నాం చెప్పండి? "ఇంట్లోకి వినపడుతూనే ఉందిగా, గిన్నెలు తోముకుంటూ విందాంలే" అనుకుంటాం. వంటింట్లోకి వచ్చేది మైకు మోతే గానీ పాట కాదండీ. తబలా దరువు, పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం, పల్లవి ఎత్తుకోగానే జనంలో లేచే చిన్న గోల... ఇవన్నీ పందిట్లో కూర్చుంటేనే తెలుస్తాయి.

ఈ ఏడు మా వీధి రామాలయం పందిట్లో నేను గమనించిన సంగతి ఒకటి మీకు చెప్పాలి. స్టేజీ మీద కీబోర్డు, తబలా, గిటారు. పాడేవాళ్లు ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడపిల్ల. కావలసిన పాట చీటీ మీద రాసి పంపితే పాడతారు కదా! ఆ చీటీలన్నీ మగవాళ్ల వైపు నుంచే వెళ్తున్నాయి. అన్నీ ఘంటసాల గారి పాటలే. ఆ మహానుభావుడు 1974లో వెళ్లిపోయినా ఆయన పాట లేని పందిరి ఉండదు, ఉండకూడదు కూడా. కానీ తొమ్మిది పాటలయ్యేసరికి ఆ అమ్మాయి పాడినవి రెండే. రెండూ యుగళగీతాలే! మిగతా సేపంతా చేతిలో పాటల పుస్తకం తిరగేస్తూ కుర్చీలో కూర్చునే ఉంది పాపం.

పక్కింటి పిన్నిగారు నా చెవిలో "లీల పాట ఒక్కటీ పాడరేమే?" అన్నారు. "అడిగితేగా పాడేది" అని, నా సంచిలో ఉన్న పచారీ సామాన్ల చీటీ వెనక 'మిస్సమ్మలో లీల గారి పాట, ఏదైనా సరే' అని రాసి ఒక పిల్లాడి చేత పంపించాను. ఆ అమ్మాయి లేచి చీర సర్దుకుని పాట ఎత్తుకుందండీ! పిన్నిగారు కళ్లు మూసుకుని చివరిదాకా గొంతు కలిపారు. ఒక్క మాట కూడా తప్పలేదు. "బడిలో వార్షికోత్సవానికి ఈ పాటే పాడాను, బహుమతిగా గ్లాసు ఇచ్చారు" అన్నారు. పక్కనే ఉన్న కోడలు "ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా!" అని ఆశ్చర్యపోయింది. "ఎవరడిగారు?" అన్నారావిడ. ఆ తరువాత ఆడవాళ్ల వైపు నుంచి వరసగా నాలుగు చీటీలు వెళ్లాయి.

ఏం అడగాలో తోచకపోతే ఇవి గుర్తుంచుకోండి. మిస్సమ్మ (1955)లో సావిత్రికి పాడింది లీల, జమునకు సుశీల. రోజులు మారాయి (1955)లో వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట జిక్కిది. నవమి పందిరి కాబట్టి లవకుశ (1963) అడిగితే మరీ బాగుంటుంది. లవుడికీ కుశుడికీ లీల, సుశీల గార్లే గొంతులిచ్చారు. ఆర్కెస్ట్రాలో ఇద్దరు ఆడవాళ్లుంటే తప్పక అడగండి. పాడే అమ్మాయి గట్టిదనిపిస్తే మురిపించే మువ్వలు (1962)లో జానకి గారు సన్నాయితో పోటీపడి పాడిన పాట అడిగి చూడండి.

"ఇంట్లో పని ఎవరు చేస్తారు?" అంటారా? ఆ పూట పులిహోర చాలు. సాయంత్రమే కలిపి మూత పెట్టేస్తే ఎవరికి ఆకలైతే వాళ్లు పెట్టుకుంటారు. రాత్రి 10 దాటాక బయట మైకు పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పండుగలకు ప్రత్యేక అనుమతి ఉంటే 12 దాకా సాగుతుంది. అంచేత పెందలాడే మొదలుపెట్టే చోట మొదట్లోనే వెళ్లండి. చాప, విసనకర్ర, మంచినీళ్ల సీసా పట్టుకెళ్లండి. పెద్ద పెద్ద స్పీకర్ల ఎదురుగా కూర్చోకండి, చెవులు దిబ్బళ్లేస్తాయి. పక్కగా, స్టేజీకి దగ్గరగా కూర్చుంటే పాటా స్పష్టంగా వినిపిస్తుంది, చీటీ పంపడమూ తేలిక.

సంచిలో ఒక కాగితం, పెన్ను మాత్రం మరిచిపోకండేం! సినిమా పేరు, పాడినవారి పేరు, పాట మొదటి మాట పెద్ద అక్షరాలతో రాయండి, వాళ్లకి వెతుక్కోవడం సులువవుతుంది. మీ అత్తగారినో అమ్మనో వెంటబెట్టుకెళ్లి "మీకే పాట కావాలి?" అని ముందు వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పే పాట వెనక ఏ కబురుందో ఎవరికి తెలుసు!