చూరు కింది చుట్టాలు

వన్యప్రాణి అనగానే చాలామందికి మనసులో మెదిలేది పెద్దపులి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల విద్యార్థులకు ఇది మరింత సహజం. వారి ఊళ్ల పడమటి దిక్కున నల్లమల కొండలు గోడకట్టినట్లు నిలిచి ఉంటాయి. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోని పెద్ద అభయారణ్యాలలో ఒకటి. ఆ అడవి ఘనత కాదనలేనిది. అయితే ఆ కొండల నీడలో పుట్టి పెరిగినవారిలో పులిని కళ్లారా చూసినవారు బహుకొద్దిమంది. పిచ్చుకను చూడటానికి మాత్రం గడప దాటితే చాలు. ప్రకృతి పట్ల ప్రేమ అడవిలో కంటే ముందుగా పెరటిలో అలవడాలి.

పెరడంటే కేవలం మనుషుల సొత్తు కాదు. దర్జీపిట్ట వెడల్పాటి ఆకు అంచులను నారపోగులతోనూ సాలెపట్టుతోనూ కుట్టి, ఆ దొప్పలో గూడు పెడుతుంది. తేనెపిట్ట తన గూటికి పైన సాలెగూళ్లు, బెరడు ముక్కలు అతికిస్తుంది. చూసేవారికి అది గాలికి చిక్కిన చెత్తలా కనిపిస్తుంది. ఆ భ్రమే దానికి రక్ష. రాళ్ల నేలలో తీతువు గూడు కట్టదు. గులకరాళ్ల రంగులో కలిసిపోయే గుడ్లను నేలమీదే పెడుతుంది. ఎవరైనా అటు వస్తే తల్లడిల్లి అరుస్తుంది. జనులు ఆ కూతను అపశకునమని నిందిస్తారు. నిజానికి అది బిడ్డలను కాచుకొనే తల్లి కేక. చూడటం నేర్చిన కంటికి శకునం పోయి సత్యం కనబడుతుంది.

మహాకవి గుర్రం జాషువా 1895లో వినుకొండలో జన్మించాడు. మార్కాపురం, గిద్దలూరు మీదుగా సాగే రైలుమార్గంలోనే ఉన్న ఊరది. గిజిగాని గూటిలోని పనితనానికి ముగ్ధుడై ఆయన ఆ పక్షిపై ఖండిక రచించాడు. మగ గిజిగాడు గడ్డిపోచలను, ఆకుల చీలికలను వందలసార్లు మోసుకువచ్చి గూడు అల్లుతుంది. సగం అల్లిన గూటిని ఆడపక్షి పరీక్షించి, నచ్చితేనే అందులో కాపురం పెడుతుంది. నీటిపైకి వంగిన కొమ్మలు దానికి మిక్కిలి ఇష్టం. అందుకే పూర్వం దిగుడుబావుల మీద ఆ గూళ్లు తోరణాల వలె వేలాడేవి. నీటి ఎద్దడి నేలలో బోర్లు వచ్చాక బావులు పూడిపోయాయి. గట్టున ఉన్న చెట్లూ కనుమరుగయ్యాయి. మట్టిమిద్దెల చూరులు, దూలాల సందులు పోయి సిమెంటు గోడలు వచ్చాక పిచ్చుకకూ నిలువనీడ కరవైంది. ఎవరూ పిట్టలను పనిగట్టుకొని తరిమివేయలేదు. వాటికి చోటు విడవాలన్న తలపే లేకపోయింది.

పక్షి కనుమరుగు కావడానికి ముందే దాని పేరు నోటినుంచి జారిపోతుంది. కలివికోడి కథ ఇందుకు తార్కాణం. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో దీనిని లోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత ఎనభై ఏళ్లకు పైగా అది శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అంతరించిందనే అందరూ భావించారు. 1986లో గిద్దలూరుకు దక్షిణాన ఉన్న కడప జిల్లా లంకమల పొదలలో అది మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అన్వేషణకు తోడ్పడినది స్థానికుల కన్ను, వారి అనుభవజ్ఞానం. గ్రంథాలు పోయిందన్న పక్షి పల్లె ఎరుకలో బతికే ఉంది. కాబట్టి పిగిలిపిట్ట, లకుముకిపిట్ట, గోరింక వంటి పేర్లను కాపాడుకోవడం భాషాభిమానం మాత్రమే కాదు. ఆ జీవులను కాపాడే పనిలో అది తొలిమెట్టు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పిట్టలు గింజలు తింటాయని రైతు, ఇల్లంతా చెత్త చేస్తాయని ఇల్లాలు విసుగుకోవడంలో న్యాయం ఉంది. కానీ పిచ్చుక తన పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే. గుడ్లగూబ, జెర్రిపోతు ఎలుకలను తిని ధాన్యాన్ని కాపాడతాయి. పిచ్చుక గుడ్డు పెట్టింది మొదలు పిల్లలు ఎగిరిపోయేదాకా సుమారు ఒక నెల. నెలనాళ్లు చీపురును ఆపడం మనిషికి చిన్న ఓర్పు. పిచ్చుకకు అది వంశరక్షణ.

చూడటంలోనూ మర్యాద అవసరం. గూటికి చేరువగా వెళ్లి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసే ఉత్సాహం మేలు కంటే కీడే చేస్తుంది. బెదిరిన తల్లి గూడు విడిచిపోవచ్చు. మనిషి చూపు ఎటు పోతే అటు కాకి చూపూ పోతుంది. దూరంగా నిలిచి చూసి, తేదీ, చెట్టు, పిట్ట పేరు నోటుపుస్తకంలో రాసుకొంటే చాలు. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దానిని జామచెట్టుపై చూడటంలోనే అందం ఉంది.

విజయనగర కాలంలో గుండ్లకమ్మపై వెలసిన కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు లభించింది. పెరటిగోడ మీది నీటి మూకుడుకు అటువంటి గౌరవం దక్కదు. అయినా రెండింటినీ నిలిపిన బుద్ధి ఒక్కటే: ఎండకు ఎండిన నేలపై ప్రాణమున్న ప్రతిదానికీ గుక్కెడు నీరు అందాలన్న తపన. ఎండలు ముదరకముందే ప్రతి విద్యార్థి ఇంట ఆ మూకుడు వెలిస్తే, పోయిన చుట్టాలలో కొందరైనా చూరు వెతుక్కుంటూ తిరిగి వస్తారు.